నరమును మీటువారి ధర్మము

మా బంధువర్గములో ఒక పెద్దాయన కలరు. ఆనేకల్ తాలూకాలో నాలుగు తరములుగా నిలిచిన తెలుగు కుటుంబము వారిది. ఎనుబదియవ యేట గుండె బలము తగ్గగా వైద్యులు ఆయన రొమ్ములో ఒక పేస్‌మేకరు నమర్చిరి. అది సామాన్యమైనది కాదు. గుండె రెండు ప్రక్కలను ఒక్కమారుగా కొట్టుకొనునట్లు చేయు మూడు తీగెల యంత్రము. ఆయాసము తగ్గినది, కాళ్ళవాపు తీసినది, ఆయన మరల చెఱువుగట్టు దాక నడువసాగెను. కాని ఇంటికి వచ్చిన రెండవ దినము నుండి ఒక వింత బయలుదేరినది. ఎడమప్రక్కకు తిరిగి పడుకొన్నచో ఎక్కిళ్లు. నిముషమునకు డెబ్బది, లెక్క తప్పక, గుండె కొట్టుకొనినట్లే. వెల్లకిల పడుకొన్నచో మాయము.

"మనవడు తలచుకుంటున్నాడేమో, అమెరికాలో వాడికిప్పుడు పగలు కదా" అని అవ్వ అనెను. మన యిండ్లలో ఎక్కిళ్లకు అంతకంటె శాస్త్రము లేదు. పెద్దాయన నవ్వలేదు. "వాడు తలచుకుంటే ఒకటో రెండో వస్తాయి గాని, గడియారం కొట్టినట్టు రావు. ఇవి నా ఎక్కిళ్లు కావే, ఆ యంత్రానివి" అనెను. ఆ మాట మమ్ము చాల దినములు విడువలేదు.

కారణము తరువాత తెలిసినది. గుండె ఎడమవైపును ఆనుకొని ఒక నరము ఉదరవితానమునకు దిగును. ఊపిరి పీల్చుట కది ఆధారము. గుండె వెలుపలి సిరలోనికి దూర్చిన తీగెకొన ఆ నరమునకు చేరువైనచో, గుండెకని పంపిన విద్యుత్తు పొరుగున నున్న నరమును కూడ తట్టును. ఉదరవితానము ఎగిరిపడును. వైద్యునిపై నెపము లేదు; ఇది అందఱు నెఱిగిన చిక్కే. ఆ తీగె చివర నాలుగు లోహపు వలయములుండెను. వానిలో ఏ రెంటి నడుమ విద్యుత్తు పాఱవలెనో వైద్యుడు వెలుపలి నుండియే మార్చెను. కత్తి పెట్టలేదు, తీగెను కదల్పలేదు. ఎక్కిళ్లు ఆగినవి. అవ్వ మాత్రము ఇప్పటికిని మనుమడే కారణమని నమ్ముచున్నది.

బొమ్మసంద్రము పరిసరములలో ఇట్టి ముచ్చటలు ఇప్పుడు వింతలు కావు. "సంద్ర" యనునది "సముద్ర" శబ్దము యొక్క రూపమే యందురు. చెఱువును సముద్రమనుట ఈ సీమలో పూర్వాచారము. చెఱువు పేరు పెట్టుకొన్న గ్రామము నేడు కర్మాగారములకును ఆసుపత్రులకును పేరుపడినది. హోసూరు బాట ప్రక్కన పారిశ్రామికవాడ. దాని చెంతనే ఈ శతాబ్దపు ఆరంభమున డాక్టరు దేవీప్రసాద్ శెట్టి నెలకొల్పిన నారాయణ హృదయాలయము. అదే బాటను నగరము వైపు సాగినచో, మనస్సునకును నరములకును ఒకే చోట చికిత్స చేయు నిమ్హాన్స్ సంస్థ, 1974లో ఇప్పటి రూపము దాల్చినది. 2025 ఆగష్టులో మెట్రో పసుపు మార్గము బొమ్మసంద్రము వఱకు వచ్చినది. ఆ బండిలో ఒకే పెట్టెలో నాలుగు భాషలు వినబడును. ఎవరికి కావలసిన మాట వారి చెవి ఏరుకొనును. ఏరుకొనుట యనునదే ఈ వ్యాసమునకు విషయము.

తెలుగువారమైన మనము "నరము" అను మాటను ఏరుకొనక వాడుదుము. పిక్క పట్టినను నరము పట్టినదందుము, నెత్తురు కాఱినను నరము తెగినదందుము. ఇక వైద్యుడు "నాడి చూచుట" యన్నచో అది నెత్తురు కొట్టుకొనుటయే గాని శాస్త్రజ్ఞులు చెప్పు నాడి కాదు. ఇచ్చట మేము నరమన్నచో మెదడునకును వెన్నుబామునకును శరీరపు మారుమూలలకును వార్తలు మోయు తంతి యని గ్రహింపవలెను.

ఆ తంతి ఒక్కటి కాదు. జడను విప్పి చూచినచో పాయలున్నట్లు, పాయను విప్పినచో వెండ్రుకలున్నట్లు, నరములో పాయలు, పాయలలో వేలకొలది పోగులు కలవు. ఒక పోగు కండరమునకు ఆజ్ఞను కొనిపోవును. దాని ప్రక్కదే చర్మపు స్పర్శను మోసికొని వచ్చును. ఆ ప్రక్కది నొప్పిని. మెడలో దిగు వేగస్ అను నరములో ఒక లక్ష పోగుల వఱకు ఉండును. వానిలో అధికభాగము గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశముల సమాచారమును పైకి మోయునవే. మూర్ఛవ్యాధి మందులకు లొంగనివారికి ఈ నరము చుట్టు తీగె చుట్టి విద్యుత్తు నిచ్చు చికిత్సకు 1997లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి నిచ్చినది. అనేకులకు మూర్ఛలు తగ్గినవి. కాని యంత్రము పనిచేయునంత సేపు, సాధారణముగా ఒక్కొక్కమారు ముప్పది సెకండ్లు, కొందఱి గొంతు బొంగురుపోవును. కంఠమును పలికించు పోగులు కూడ ఆ నరములోనే పోవుటచే! మూర్ఛ నాపుటకు పంపిన దూత దారిలో గొంతును పట్టుకొనినట్లయినది. దీనిని చిన్న విషయమందురు. ఉపాధ్యాయునికిని పురాణము చెప్పు వానికిని చిన్న విషయము కాదు.

కనుక ఎలక్ట్రోడును, అనగా శరీరములో విద్యుత్తును విడుచు లోహపు కొనను, రూపొందించువారి పరిశ్రమ యంతయు ఒక్క దాని కొఱకే: కోరిన పోగును తాకవలెను, కోరని దానిని తాకరాదు. ఇది వినుటకు సులభము. నరము చుట్టు మెత్తని సిలికాను రబ్బరు పట్టీ చుట్టి, దాని లోపలివైపున ప్లాటినపు బిళ్ళలు పొదుగుట ఒక పద్ధతి. నరమునకు గాయము కాదు. కాని బయట నుండి పిలిచినపుడు వాకిట నున్నవారే పలుకుదురు; లోపలి పాయలకు పిలుపు చేరదు, చేరునంత గట్టిగా పిలిచినచో అందఱును లేతురు. అందుచే కొందఱు పట్టీని గుండ్రముగా గాక బల్లపరుపుగా చేసి, నరమును మెల్లగా నొక్కి, లోపలి పాయలను అంచునకు తెచ్చిరి. మఱికొందఱు వెండ్రుక వంటి తీగెను పాయలోనికే దూర్చిరి. నిడివిగా దూర్చువారొకరు, అడ్డముగా దూర్చువారొకరు. ఊటా విశ్వవిద్యాలయము వారు వ్రేలిగోటి కంటె చిన్న పలకపై నూఱు సూదులు నిలిపిరి. లోనికి పోయిన కొలది ఎన్నిక సూక్ష్మమగును. లోనికి పోయిన కొలది గాయమును పెరుగును. శరీరము అన్యవస్తువు చుట్టు మచ్చకండను అల్లును. ఆ పొర దట్టమైన కొలది కొన నుండి పోగు దూరమగును. నిన్న విన్న పోగు నేడు వినదు.

ఇంకొక చిక్కు కలదు. మనము చేయి కదల్చునపుడు శరీరము చిన్న పోగులను ముందుగా పిలుచును, బరువు పెరిగిన కొలది పెద్దవానిని పిలుచును. హెన్నెమన్ అను శాస్త్రజ్ఞుడు 1950లు, 60లలో ఈ క్రమమును స్థాపించెను. వెలుపలి నుండి వచ్చు విద్యుత్తునకు లావైన పోగులే ముందు లొంగును, అనగా క్రమము తలక్రిందులు. త్వరగా అలయు పెద్ద కండపోగులు మొదటనే పనిలోనికి దిగుటచే, యంత్రము నడిపిన కాలు వేగమే డస్సిపోవును. శరీరము ఎంతటి పొదుపరియో అప్పుడు తెలియును.

మఱియు విద్యుత్తును ఒక దిశగా పంపి ఊరకుండరాదు. పంపినంత మరల వెనుకకు తీసికొనవలెను. లేనిచో లోహము తినబడును, కండ చెడును. ఈ రంగములో పనిచేయువారికి ఇది మొదటి పాఠము. మేము మా ఉద్యోగకాలమంతయు విద్యుద్యంత్రముల నడుమ గడపినవారమే యైనను, ఇంత చిన్న అప్పునకు ఇంత కచ్చితమైన లెక్క చూచి యెఱుగము.

ఇంతవఱకు యంత్రశాస్త్రము. ధర్మశాస్త్రము పెద్దాయన మాటతో ఆరంభమైనది: ఇవి నా ఎక్కిళ్లు కావు.

కెనడాలోని మాంట్రియల్ నగరమున పెన్‌ఫీల్డ్ అను వైద్యుడు మూర్ఛరోగులకు మెలకువలోనే మెదడు శస్త్రచికిత్స చేయుచు, మెదడు పైభాగమును విద్యుత్తుతో తాకి చూచుచుండెను. చేయి లేచెడిది. రోగిని అడిగినచో, లేపినది తాను కాదనియు వైద్యుడే లేపెననియు చెప్పెడివాడట. రోగి కిది యెట్లు తెలిసినది? చేయి అతనిదే, నరము అతనిదే, కండ అతనిదే. లోపించినది సంకల్పము. మన పెద్దలు కర్తృత్వమని దేని నందురో అది చేతిలో లేదు, నరములోను లేదని ఈ యొక్క అనుభవము చెప్పుచున్నది. ఎచ్చట నున్నదో చెప్పుట లేదు. కేనోపనిషత్తు చెవికి వెనుక వినువాడెవడని అడిగినది. ఎలక్ట్రోడు ఆ ప్రశ్నను తీర్చలేదు, ఆసుపత్రి మంచము దాక తెచ్చి నిలిపినది.

కాని అన్ని వేళల యంత్రము పరాయిదిగా నుండునా? 2013లో రోము నగరమున ఒక డెన్మార్కు దేశస్థునికి, బాణసంచా ప్రమాదములో ఎడమ చేయి పోగొట్టుకొన్నవానికి, పై చేతిలోని రెండు నరములలో నాలుగు సన్నని ఎలక్ట్రోడులు అడ్డముగా గ్రుచ్చిరి. కృత్రిమహస్తపు వ్రేళ్ళ యందలి ఒత్తిడిని ఆ కొనల ద్వారా నరములకు అందించిరి. కండ్లకు గంతలు కట్టినను అతడు మెత్తనిదేదో గట్టిదేదో, గుండ్రనిదేదో చెప్పగలిగెను. పోయిన చేయి తొమ్మిదేండ్లకు తిరిగి పలికినది. ఈ మారు అతడు ఈ స్పర్శ నాది కాదని అనలేదు. పెద్దాయన ఎక్కిలియు ఇతని స్పర్శయు ఒకే విద్యుత్తు బిడ్డలు. ఒకటి పరాయిది, ఒకటి స్వంతము. తేడా ఏమనిన, ఇతడు చేయి చాచెను, వస్తువును వెదకెను, వెదకినదానికి జవాబు వచ్చినది. అడిగినదానికి వచ్చిన జవాబు మనదగును. అడుగక వచ్చినది చొరబాటు. ఇది మా అభిప్రాయము. దీనికి మించిన సిద్ధాంతము మా యొద్ద లేదు.

ఆ కథలో మమ్ము బాధించునది వేఱొకటి. ప్రయోగ నియమముల ప్రకారము ముప్పది దినముల పిమ్మట ఆ ఎలక్ట్రోడులను తీసివేసిరి. అతడు ముందుగా ఒప్పుకొన్నవాడే, అన్యాయమేమియు లేదు. అయినను ఇచ్చి తిరిగి తీసికొనుట ఎట్టి దానమని మనస్సు అడుగుచునే యున్నది.

తీసివేయుటకు ఎవరును లేక మిగిలిపోయినవారి కథ ఇంకను కష్టము. ముఖములోని నరముల కూడలిని ఉత్తేజపఱచి భయంకరమైన తలనొప్పిని తగ్గించు యంత్రమును అమెరికాలో ఒక సంస్థ చేసినది. ఏడువందల మందికి పైగా దానిని ధరించిరి. 2019లో ఆ సంస్థ మూతపడినది. కంటిలో ఎలక్ట్రోడులు పెట్టి అంధులకు కొంత వెలుగు చూపిన సెకండ్ సైట్ సంస్థయు అదే యేట ఆ యంత్రముల తయారీని విడిచినది. మూడువందల యేబది మందికి పైగా జనుల కండ్లలో దిక్కులేని యంత్రములు మిగిలినవి. గడియారము చెడినచో పాఱవేయుదుము; నరమునకు కుట్టిన దానిని ఏమి చేయుదుము? శరీరములో వస్తువును పెట్టువాడు ఆ శరీరమున్నంత కాలము దానికి పూచీ వహింపవలెను. వర్తకధర్మమున ఇట్టి నియమము ఇమడదందురు. ఇమడనిచో ఆ వర్తకము మార్చుకొనవలసినది తన పద్ధతినే.

ఇక చెవి మాట. నరమును మీటు విద్యలో ఫలించిన మహావృక్షమిది. 1800 ప్రాంతమున ఇటలీ దేశపు వోల్టా తన చెవులలో లోహపు కడ్డీలు పెట్టుకొని తాను కనిపెట్టిన బ్యాటరీకి తగిలించుకొనగా, ఏదో ఉడుకుచున్నట్టి చప్పుడు వినబడెనట. ఆయన మరల ఆ పనికి పూనుకొనలేదు, మంచిదే. 1957లో పారిస్ నగరమున జూర్నో, ఏరియె అను ఇరువురు శ్రవణనాడిని విద్యుత్తుతో తాకు తీగెను తొలిసారి మనుష్యునిలో అమర్చిరి. ఆ రోగి కీచురాళ్ళ వంటి ధ్వని వినెను. యంత్రము కొంతకాలమునకు చెడినది. జూర్నో తన విద్యను వ్యాపారసంస్థకు కట్టబెట్టుట కంగీకరింపలేదు. ఆ పని అంతటితో నిలిచినది. ఆయన నిష్ఠను మెచ్చుకొనవలెనా, నిలిచిన పనికి విచారింపవలెనా? మేము రెండును చేయుచుందుము.

ఆస్ట్రేలియా దేశపు గ్రేమ్ క్లార్క్ తండ్రి చెవిటివాడు. శ్రవణనాడికి నెలవైన శంఖిక నత్తగుల్ల వలె చుట్టుకొని యుండును. మొదటి చుట్టు వద్ద హెచ్చు స్వరములు, లోపలి కొసన మంద్రస్వరములు. వేఱువేఱు స్వరములు వినిపింపవలెననిన అనేకమైన కొనలు గల తీగెను ఆ చుట్లలోనికి పంపవలెను. తీగె మడతపడి నిలుచుచుండెను. 1977లో సముద్రతీరమున క్లార్క్ ఒక గుల్లను తీసికొని అందు గడ్డిపోచను దూర్చి చూచెను. మొదలు బిఱుసుగా, కొస మెత్తగా నున్న పోచ చుట్లవెంట హాయిగా పోయినది. మఱుసటి యేట మెల్బోర్న్‌లో ఆ పద్ధతి తీగెను రోగికి అమర్చెను. ఇన్ని సూదులు, ఇన్ని పట్టీలు చెప్పుకొన్న పిమ్మట గడ్డిపోచ గురువగుట మాకు మిక్కిలి ప్రీతి కలిగించినది.

ఆ యంత్రమున ఇరువది రెండు కొనలుండును. ఆరోగ్యవంతుని శ్రవణనాడిలో ముప్పదివేల పోగులు. పైగా శంఖికలోని ద్రవములో విద్యుత్తు చెదరును, పొరుగు పోగులును పలుకును. అందుచే మాట తెలియును, తాళము చక్కగా తెలియును, రాగము తెలియుట కష్టము. ఆంధ్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వలన పేదబిడ్డలకును ఈ చికిత్స అందినది. విశాఖపట్టణములోని నౌకాదళ విజ్ఞాన సాంకేతిక పరిశోధనాలయము అబ్దుల్ కలామ్ ప్రోత్సాహముతో స్వదేశీ యంత్రమునకు పాటుపడినది. 2014లో సవరించిన కేంద్రప్రభుత్వ పథకములో ఒక్కొక్క శిశువునకు 6 లక్షల రూపాయల వఱకు సాయము నిర్ణయించిరి. యంత్రము ఇంటికి వచ్చుట తెలిసినదే. తరువాతి బ్యాటరీల వెల, తెగిన తీగెల వెల ఇల్లే మోయవలెను.

మా సంఘములో ఒక యువదంపతులు కలరు. తండ్రికి పారిశ్రామికవాడలో పని. పళ్ళెము జారిపడినను పాప ఉలికిపడకపోవుటతో సంగతి తెలిసినది. శస్త్రచికిత్స చేయింపవలెనా వలదా యని తండ్రి మమ్మడిగెను. "పెద్దదయ్యాక దాని ఇష్టం అదే చెప్తుంది కదా, అంతదాకా ఆగితే తప్పా?" అనెను. ఇది తేలికైన ప్రశ్న కాదు. 1991లో అమెరికా బధిరుల జాతీయ సంఘము పసిబిడ్డలకు ఈ యంత్రము పెట్టుటను ఖండించినది. చెవిటితనము రోగము కాదు, సంజ్ఞాభాష గల ఒక జీవనమని వారి వాదము. 2000లో ఆ సంఘము తన మాటను సడలించి, అది తలిదండ్రుల నిర్ణయమని ఒప్పుకొన్నది. అల్పసంఖ్యాక భాషను తరములుగా కాపాడుకొనుచున్న మనము వారి వాదమును కొట్టిపాఱవేయుట తగదు. కాని ఆగుట యనునది మధ్యస్థత కాదు. తొలి మూడేండ్లలో శబ్దమందనిచో మెదడు వినుటకు కేటాయించిన తావును వేఱు పనులకు పంచును. పదునెనిమిదేండ్లకు పాప "నాకు కావలెను" అన్నను అప్పటికి చాలవఱకు ఆలస్యమగును. ఆగినచో కాదని నిర్ణయించినట్లే. పాప పక్షమున ఎవరో ఒకరు ఎన్నుకొనక తప్పదు; తప్పు చేసినను అది తలిదండ్రుల తప్పగుట మేలని చెప్పితిమి. చేయించిరి. యంత్రమును మొదటిసారి పలికించిన దినమున పాప వెక్కి వెక్కి ఏడ్చినది.

పిమ్మట భాష సమస్య వచ్చినది. మాటలు నేర్పువారు ఇంట ఒకే భాష మాటాడుడనిరి. తండ్రి ఇంగ్లీషనెను, వీథి కన్నడము, ఇంట నున్న జేజికి తెలుగు దక్క వేఱు రాదు. ఒకే భాష యను సలహా పూర్వము సర్వత్ర ఉండెడిది. ఇట్టి బిడ్డలు రెండు భాషలును నేర్వగలరనియు, ఇంటివారికి బాగుగ వచ్చిన భాషను ఇంట మానరాదనియు ఇటీవలి పరిశోధకులు చెప్పుచున్నారు. మేము ఈ మాటను పట్టుకొని, సంఘము నుండి తెలుగు బొమ్మల పుస్తకములు మోసికొని, ఉత్సాహముగా వారింటికి పోయితిమి. పాప తల్లి పుస్తకములు తీసికొని, "మామా, మీకు తెలుగు కావాల. నాకు పాప నన్ను పిలిస్తే చాలు, ఏ భాషలో అయినా" అనెను.

మేము సిగ్గుపడితిమి. ఎక్కిళ్ల కథ చెప్పుచు, పొరుగు నరమును తాకరాదని పాఠములు చదువుచు, మేమే మా భాషాభిమానమను విద్యుత్తును ఒక పసిబిడ్డ చెవిలోనికి పంప జూచితిమి. సలహా మంచిదే, ఇప్పటికిని మంచిదే యని నమ్ముదుము. కాని అది ఎవరి కొఱకు చెప్పితిమో ఆ తల్లి మాకంటె ముందు కనిపెట్టినది. తుదకు తెలుగే నిలిచినది, మా వలన కాదు. తల్లి కోపము తెలుగులో వచ్చును, జేజి ముద్దు తెలుగులో వచ్చును, పగలెల్ల పాప ఉండునది వారి యొద్ద.

మొన్న ఉగాదికి వారింటికి పోయితిమి. పాప కిప్పుడు ఐదేండ్లు. ముందుగదిలో పదునైదుగురము చేరి అందఱమును ఒక్కసారి మాటాడుచుంటిమి. వంటయింట కుక్కరు, వెలుపల బండ్లు. పాప కొంతసేపు మా ముఖములు చూచినది. తరువాత చెవి వెనుక అయస్కాంతముతో అంటుకొని యుండు బిళ్ళను తానే తీసి, చాపమీద పెట్టి, బొమ్మలకు రంగులు వేసికొనసాగెను. తండ్రి దానిని తిరిగి పెట్టబోగా జేజి చేయి అడ్డము పెట్టి, "ఉండు నాయనా, దానికి ఎప్పుడు కావాల్నో అదే పెట్టుకుంటాది" అనెను.

మేము వచ్చునంత వఱకు పాప పెట్టుకొనలేదు.